డెఫినెట్‌గా అన్నానంటే తెలియదన్నమాట

నాకు బాగా తెలిసిన సంగతులు తెలుగులో చెబుతాను. తెలియని సంగతులకు ఇంగ్లిష్ తగిలిస్తాను. ఈ రహస్యం మా ఇంట్లో అందరికీ తెలుసు. చాలాకాలం తెలియనిది నా ఒక్కడికే.

"పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి" అన్నానంటే ఉన్నట్టే లెక్క. "పాలు డెఫినెట్‌గా ఫ్రిజ్‌లోనే ఉన్నాయి" అన్నానంటే మా ఆవిడ గిన్నె పట్టుకుని పక్కింటికి బయల్దేరుతుంది. "అబ్వియస్లీ ఫ్రిజ్‌లోనే కదా ఉంటాయి" అన్నానంటే ఇక గిన్నె కూడా తియ్యదు, నేరుగా నా చేతికి డబ్బులిచ్చి కొట్టుకు పంపిస్తుంది. పొద్దున్న ప్యాకెట్ తేవడమే మర్చిపోయానని ఆ ఒక్క మాటతో నేనే చెప్పుకున్నట్టు.

అబ్వియస్లీ, డెఫినెట్లీ, ష్యూర్లీ, క్లియర్లీ, ఆఫ్‌కోర్స్. వీటిని నిశ్చయం తెలిపే క్రియావిశేషణాలని ఇంగ్లిష్ మాస్టార్లు పాఠం చెబుతారు. కానీ నిశ్చయంగా తెలిసిన చోట వీటిని వాడినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. పెన్షన్ ఫారంలో పుట్టినతేదీ పక్కన సర్టెన్లీ అని ఎవరూ రాయరు. రేపు మంగళవారం అని చెప్పడానికి ఎవరికీ డెఫినెట్‌గా అక్కర్లేదు. "నాకు డెఫినెట్‌గా ఇద్దరు పిల్లలండీ" అని ఎవరైనా అంటే వినేవాళ్ళు ఓ అడుగు వెనక్కి వేస్తారు. తెలిసిన విషయం తన కాళ్ళ మీద తను నిలబడుతుంది. నిలబడలేనిదానికే చేతికర్ర కావాలి. నా దగ్గరున్న కర్రలన్నీ ఇంగ్లిష్‌వి.

ఈ జబ్బు నాకెక్కడ అంటుకుందో కూడా చెప్పగలను: నల్లబల్ల దగ్గర. కాకినాడలో ఇంటర్మీడియట్ పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఎంపీసీ సెక్షను మొత్తం కళ్ళప్పగించి చూస్తుండగా ఇంటిగ్రేషన్ మధ్యలో ఒక మెట్టు గుర్తు రాదనుకోండి. చాక్‌పీసు ఆగిందంటే పరువు పోయిందే. అప్పుడు "క్లియర్లీ" అని రాసేసి, కింది లైన్లో జవాబు వేసెయ్యడమే. వెనక బెంచీలోంచి ఎవడైనా లేచి "అదెలా వచ్చింది సార్?" అంటే కోప్పడక్కర్లేదు. "ఇంత అబ్వియస్‌గా కనిపిస్తుంటేనా?" అని జాలిగా ఓ చూపు చూస్తే చాలు, వాడే కూర్చుంటాడు. ఈ మాటల మహిమంతా అక్కడే ఉంది. చెప్పేవాడికి తెలియదన్న అనుమానం రానివ్వవు, వినేవాడికి తనకే తెలియదన్న సిగ్గు తెప్పిస్తాయి.

ఇందులో నేనొక్కణ్ణే పాపాత్ముణ్ణి కాదులెండి. పెద్దపెద్దవాళ్ళే ఉన్నారు. గ్రహాల గమనం మీద లాప్లాస్ ఫ్రెంచిలో ఓ ఉద్గ్రంథం రాశాడు. దాన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చినవాడు నథానియెల్ బౌడిచ్ అనే అమెరికన్. బడి చదువు పెద్దగా లేదు, ఓడల మీద తిరిగి, సొంతంగా లెక్కలు నేర్చుకున్నవాడు. లాప్లాస్ ఎక్కడ "దీన్నిబట్టి స్పష్టంగా తెలుస్తున్నది" అన్నాడో అక్కడ తనకు గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి పని పడబోతోందని బౌడిచ్‌కు అర్థమైపోయేదట. ఆ "స్పష్టం" వెనకున్న మెట్లన్నీ తవ్వి తీసి కింద వివరణలు రాస్తూపోతే పుస్తకం రెట్టింపుకు పైగా లావెక్కింది. 1829 నుంచి 1839 దాకా నాలుగు సంపుటాలొచ్చాయి. నాలుగోది బయటికొచ్చేసరికి పాపం బౌడిచ్ లేడు. మా ఆవిడకీ కథ చెబితే, "ఆయన నాలుగు సంపుటాలతో బయటపడ్డాడు, అదృష్టవంతుడు" అంది.

లెక్కలవాళ్ళ స్టాఫ్‌రూముల్లో ఇంకో కథ తిరుగుతూ ఉంటుంది, ఒక్కోచోట ఒక్కో ప్రొఫెసరు పేరుతో. క్లాసులో ఆయన "ఇది అబ్వియస్" అన్నాడట. "నిజంగానా సార్?" అని ఒక కుర్రాడు అడిగాడట. ప్రొఫెసరు ఆలోచనలో పడి, గదిలోంచి వెళ్ళిపోయి, చాలాసేపటికి తిరిగొచ్చి, "అవును, అబ్వియసే" అని పాఠం కొనసాగించాడట. ఆయన నాకంటే చాలా నయం. నేను గదిలోంచి వెళ్ళుంటే బెల్లు కొట్టేదాకా క్యాంటీన్లోనే ఉండేవాణ్ణి.

కాలేజీలో ఉన్నంతకాలం ఈ సరుకు అక్కడే ఖర్చయ్యేది. రిటైరయ్యాక నిల్వంతా ఇంటికొచ్చిపడింది. ఇంట్లో వెనక బెంచీ లేదు. అందరూ ముందు బెంచీవాళ్ళే.

మొదట మిక్సీ దగ్గర పట్టుబడ్డాను. ఆదివారం పొద్దున్న పెసరట్లకి పిండి సిద్ధం, అల్లప్పచ్చడి జారులో తిరుగుతోంది. తిరుగుతూ తిరుగుతూ ఓ మూలుగు మూలిగి ఆగిపోయింది. కాస్త కమురు వాసన. పేపరు పక్కన పెట్టి, లేచి, మిక్సీకి రెండడుగుల దూరంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి తేల్చేశాను: "అబ్వియస్లీ మోటారు కాలిపోయింది. వైండింగ్ పోయుంటుంది. కొత్తది కొనడమే."

"ఓసారి చూడకూడదా?" అంది మా ఆవిడ.

"చూడ్డానికేముంది? క్లియర్లీ వైండింగే!"

సంచీలో పెట్టుకుని మెయిన్‌రోడ్డులో మిక్సీలు బాగుచేసే కుర్రాడి దగ్గరకు వెళ్ళాను. జబ్బు పేరు కూడా నేనే చెప్పాను. అతను విని, "ఏమోనండీ, చూడాలి" అన్నాడు. మిక్సీని తిరగేశాడు. అడుగున చిన్న ఎర్ర మీట ఒకటి బయటికి పొడుచుకుని ఉంది. బొటనవేలితో నొక్కాడు. టిక్కుమంది. ప్లగ్గు పెడితే గిర్రున తిరిగింది. "ముద్ద గట్టిగా అయిపోయి లోడెక్కువైతే మోటారు కాలకుండా ఇదే ఆపేస్తుందండీ. కాసేపు చల్లారనిచ్చి ఇంటి దగ్గరే నొక్కుకోవచ్చు మాస్టారూ" అన్నాడు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. ఎర్ర మీట నొక్కినందుకు మాస్టారి దగ్గర డబ్బులేం తీసుకుంటాం అన్నట్టు చూశాడు. ఆ చూపు నాకు బాగా పరిచయమైనదే. వెనక బెంచీవైపు నేను చూసిన చూపది.

దారి పొడుగునా ఒకటే ఆలోచన. రోజూ మిక్సీలు విప్పే కుర్రాడు "ఏమోనండీ, చూడాలి" అన్నాడు. మిక్సీ అడుగుభాగం ఏనాడూ చూడనివాణ్ణి నేను "క్లియర్లీ" అన్నాను. ఆ తర్వాత గమనించడం మొదలుపెడితే, పని తెలిసినవాళ్ళంతా ఇదే భాష. రక్తపరీక్ష కాగితాలు తిప్పుతూ డాక్టరు "చూద్దాం" అంటాడు. పునాది తవ్వే మేస్త్రి "నేలని బట్టి ఉంటుందండీ" అంటాడు. మైదాపిండి కలుపుతూ కాజాలు చేసే ఆయన పాకం గురించి అడిగితే "రావాలండీ" అంటాడు. ముదురుపాకం అనీ లేతపాకం అనీ ఘంటాపథంగా చెప్పేవాడు పక్కన నిలబడి తినేవాడు మాత్రమే.

మరి ఇంగ్లిషే ఎందుకు? తెలుగులో నిశ్చయానికి మాటలు లేకనా? ఉన్నాయి. అసలు చిక్కంతా వాటితోనే. "తప్పకుండా వస్తాను" అంటే వెళ్ళాలి. "ఒట్టు" అంటే ఎవరో ఒకరి నెత్తిమీద చెయ్యి పడుతుంది, మాట తప్పితే ఆ నెత్తికి ఏమవుతుందోనన్న భయం ఉంటుంది. "నామాట నమ్ము" అంటే రేపు ఆ మాటతోనే నిలదీస్తారు. డెఫినెట్లీకి ఈ బాధలేవీ లేవు. దాని మీద ఎవరి నెత్తీ లేదు. అందులోనూ "లీ" తీసేసి మన "గా" తగిలించి డెఫినెట్‌గా, ష్యూర్‌గా, కంపల్సరీగా అని ఇంట్లో చెలామణీ చేస్తున్నామా, ధైర్యం ఇంగ్లిష్‌ది, పూచీ ఎవరిదీ కాదు.

ఇంగ్లిష్‌వాళ్ళకి మాత్రం వీటి మీద నమ్మకముందా అంటే అదీ లేదు. ఎపేరెంట్లీ అన్న మాట ఒకప్పుడు కళ్ళకు కట్టినట్టు స్పష్టంగా అన్న అర్థంలో నడిచింది. ఇప్పుడది మన "అట" దగ్గరికి దిగొచ్చింది. ఇక ష్యూర్లీ అంటే నాకు ష్యూర్ అని కాదు, మీరైనా ఔననండి బాబూ అని బతిమాలుకోవడం. రిచర్డ్ ఫైన్‌మన్ జ్ఞాపకాల పుస్తకం 1985లో వచ్చింది, దాని పేరే ష్యూర్లీతో మొదలవుతుంది. ప్రిన్స్‌టన్‌లో చదువుకోవడానికి వెళ్ళిన కొత్తలో ఓ తేనీటి విందులో డీన్‌గారి భార్య "టీలోకి క్రీమా, నిమ్మకాయా?" అని అడిగితే, మర్యాదలు తెలియని ఆ కుర్రాడు "రెండూ" అన్నాడు. ఆవిడ ష్యూర్లీ మీరు పరాచికాలాడుతున్నారంది. అతను పరాచికాలాడటం లేదు. ఎక్కడ కూర్చోవాలా అని చూసుకుంటూ పరధ్యానంగా అనేశాడు. పుస్తకం పేరుకెక్కిన ష్యూర్లీ కూడా తప్పేనన్నమాట.

ఇంత తెలిసీ మాగాయ దగ్గర మళ్ళీ నోరు జారాను.

గోదావరి జిల్లాల్లో ఎండాకాలం మాగాయ పెట్టడమంటే మాటలు కాదు. మామిడికాయలు చెక్కు తీసి, ముక్కలు తరిగి, ఉప్పూ పసుపూ కలిపి జాడీలో ఊరవేస్తారు. మూడోనాటికి ముక్కల్ని ఊటలోంచి పిండి తీసి ఎండలో పరుస్తారు. ఊటని విడిగా పళ్ళెంలో పోసి దాన్నీ ఎండబెడతారు. ముక్కలెండి, ఊట చిక్కబడ్డాక రెండూ కలిపి కారం, మెంతిపిండి వేసి ఇంగువ పోపు పెడతారు. ఈలోగా చుక్క వాన తగిలిందంటే ఏడాది సరుకు బూజుపాలు.

డాబా మీద పాత నేతచీర పరిచి ముక్కలెండబెట్టింది మా అమ్మ. మధ్యాహ్నం రెండు దాటాక కిటికీలోంచి చూసి, "ఏమోరా, సముద్రపు గాలి ఆగిపోయింది. పడమటి మూల నల్లగా ఉంది. ఏమైనా పడుతుందేమో. ముక్కలు కిందికి తెద్దామా?" అంది.

ఆ ఒక్క మాటలో ఎన్ని జాగ్రత్తలున్నాయో చూడండి. మా అమ్మ దగ్గర సరుకంతా క్రియ చివర ఉంటుంది. తను చూసినదైతే "వచ్చింది". ఒకరు చెప్పగా విన్నదైతే "వచ్చిందట". ఊహైతే "వచ్చింది కాబోలు". అనుమానమైతే "వస్తుందేమో". ధైర్యం చెప్పడానికైతే "వస్తుందిలే". ఎక్కడ విన్నదో, ఎంతవరకు నమ్మొచ్చో మాట వెంటే అంటించి పంపుతుంది. నేను మాట మొదట్లోనే ఇంగ్లిష్ బాజా ఒకటి మోగించి ఊరేగింపు మొదలుపెడతాను, లోపల పెళ్ళికొడుకు ఉన్నాడో లేడో చూసుకోను.

"క్లియర్లీ వాన రాదమ్మా" అన్నాను పడకకుర్చీలోంచి. "పేపర్లో ఒకటి రెండు చోట్ల అని వేశాడు, అంతే."

నిజానికి ఆ పేపరు మాట నాకంటే ఎంతో బాధ్యతగా ఉంది. వాతావరణ శాఖవాళ్ళ "ఒకటి రెండు చోట్ల"కి కొలతుంది. ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో 25 శాతానికి మించకుండా వాన పడొచ్చని దానర్థం. "చాలా చోట్ల" అంటే 75 శాతం దాటి. మధ్యలో "కొన్ని చోట్ల"కీ, "అనేక చోట్ల"కీ కూడా లెక్కలున్నాయి. వాళ్ళు ఉపగ్రహాలూ రాడార్లూ పెట్టుకుని కూడా "అవకాశం ఉంది" అని ఆగుతారు. నేను పడకకుర్చీ ఒక్కటే పెట్టుకుని ఆకాశం మొత్తానికి హామీ ఇచ్చాను.

ఆ "ఒకటి రెండు చోట్ల"లో ఒకటి మా డాబా. మా అమ్మ నా మాట పూర్తవకముందే మెట్లెక్కడం మొదలుపెట్టింది కాబట్టి ఊట పళ్ళెం దక్కింది. ముక్కలు సగం తడిశాయి. వాటిని ఇంట్లో ఫ్యాను కింద ఆరబెట్టి, మర్నాడు మళ్ళీ ఎండకి పెట్టి, ఎలాగో గట్టెక్కించారు. ఆ ఏడాదంతా మాగాయ జాడీ తీసినప్పుడల్లా మా ఆవిడ "కొంచెం క్లియర్లీ వెయ్యమంటారా?" అని అడిగేది.

దసరాకి అమ్మాయి హైదరాబాదు నుంచి వచ్చింది. డేటా అనలిస్టు. ఉద్యోగమే అంకెలు. మాగాయ కథ విని పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, "నాన్నా, నీకు షెర్మన్ కెంట్ కావాలి" అంది.

ఈ కెంట్ యేల్ విశ్వవిద్యాలయంలో చరిత్ర చెప్పి, తర్వాత అమెరికా గూఢచారి సంస్థలో నివేదికలు రాయించిన ఘనుడు. 1951లో యుగోస్లావియా మీద సోవియట్ కూటమి దాడి చేసే విషయమై వాళ్ళొక అంచనా రాశారు. దాడికి "గట్టి అవకాశమే ఉంది" అన్నది అందులో మాట. గట్టి అంటే ఎంత గట్టి అని ఒక అధికారి అడిగాడు. నూటికి 65 అన్నాడు కెంట్. ఆ పెద్దమనిషి అదిరిపడ్డాడు, తనింకా చాలా తక్కువనుకున్నాడట. అప్పుడు కెంట్ తనతో కలిసి ఆ మాట ఒప్పుకున్న సహచరుల్ని ఒక్కొక్కరినీ విడిగా అడిగితే, ఒకరి మనసులో 20, ఇంకొకరి మనసులో 80. అందరూ ఒకే మాట మీద సంతకం చేశారు, ఒకే విషయం మీద మాత్రం కాదు. ఆ తర్వాత ఆయన మాటలకి అంకెలు కట్టాడు. దాదాపు నిశ్చయం అంటే 93 శాతం, ఓ ఆరు అటూ ఇటూ. బహుశా అంటే 75, పన్నెండు అటూ ఇటూ. 1964లో దీనిమీద వ్యాసం కూడా రాశాడు.

అమ్మాయి ఆ రాత్రే నా మాటలకి అంకెలు కట్టి, ఫ్రిజ్ తలుపుకి అతికించింది. ఇదీ ఆ పట్టిక:

డెఫినెట్‌గా: 40 శాతం. "గా" తెలుగు కాబట్టి కాస్త దయ.
డెఫినెట్లీ: 20.
అబ్వియస్లీ: 15. చూడకుండా చెప్పినది.
ష్యూర్లీ: 10. ఎవరైనా ఔనంటే బాగుండునని.
క్లియర్లీ: 5. మాగాయ చూడుడు.
ఆఫ్‌కోర్స్: సున్నా. పని ఇంకా మొదలే పెట్టలేదు.
ఏమో: నాన్న నోట వినబడలేదు. నాయనమ్మ అంటే 95.

ఊరుకోకుండా ఇంకో ఘనుణ్ణి కూడా లాక్కొచ్చింది. డేనియల్ డెనెట్ అనే తత్వవేత్త 2013లో ఆలోచనకు పనికొచ్చే చిట్కాల మీద పుస్తకం రాశాడు. వాదం చదివేటప్పుడు ష్యూర్లీ కనిపించిందంటే చెవిలో అలారం మోగాలంటాడాయన. రాసినవాడికి ఋజువు దొరకని చోటే, పాఠకుడు చూడకుండా దాటిపోతాడన్న ఆశతో ఆ మాట వేస్తాడట. వాదంలో బలహీనమైన చోటు తరచుగా అక్కడే ఉంటుందట. "దీనికి పుస్తకం దేనికే?" అంది మా ఆవిడ. "నాకు పెళ్ళైన ఏడాదే తెలుసు."

పౌరుషం పొడుచుకొచ్చింది. జనవరి ఒకటిన ప్రకటించాను, ఇకమీదట నా నోట అవి రావని. మొదట్లో చాలా కష్టమైంది. మాట మొదలుపెట్టేసరికి పెదవి మీదికి "అబ్..." దాకా వచ్చేది, మింగేసేవాణ్ణి. తెలియనిదానికి "తెలియదు" అన్నాను. ఆ మాట విన్న మా అమ్మ దగ్గరికొచ్చి నుదురు మీద చెయ్యేసి చూసింది. "గేటు తాళం వేశారా?" "వేశాను." "కరెంటు బిల్లు కట్టారా?" "కట్టాను." ఇంత చిన్న చిన్న వాక్యాలు నా నోట వస్తుంటే ఇల్లంతా నివ్వెరపోయింది. మెల్లగా నమ్మడం మొదలుపెట్టారు. కొంపముంచింది ఆ నమ్మకమే.

సంక్రాంతికి అమ్మాయి వచ్చింది. తిరుగు ప్రయాణానికి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో టికెట్, వెయిటింగ్ లిస్టు. కనుమ మర్నాడు కాకినాడ నుంచి హైదరాబాదు వెళ్ళే రైల్లో సీటంటే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, జిల్లా జిల్లా అంతా బయల్దేరుతుంది. "అవుతుందంటారా?" అని అడిగింది మా ఆవిడ. పాత నేనైతే "డెఫినెట్‌గా అవుతుంది, పండగలకి ఎక్స్‌ట్రా బోగీలు అబ్వియస్లీ వేస్తారు" అనేవాణ్ణి. కొత్త మనిషిని కదా. "అవుతుంది" అన్నాను. ఒక్కటే మాట. పైన ఏ బాజా లేదు.

మా ఆవిడ నిశ్చింతగా జంతికలు డబ్బాకెత్తింది. అరిసెలు విడిగా కట్టింది. మాగాయ సీసాలో పెట్టి, నూనె కారకుండా ప్లాస్టిక్ కవరు చుట్టి, పైన గుడ్డ కట్టింది. చార్టు తయారయ్యాక ఫోన్లో చూస్తే ఇంకా వెయిటింగ్ లిస్టే. ఆన్‌లైన్ టికెట్టు అప్పటికీ ఖాయం కాకపోతే దానంతటదే రద్దయిపోతుంది, డబ్బులు తిరిగొస్తాయి, రైలెక్కడానికి వీల్లేదు. ఇక బస్సుల వేట. ఆర్టీసీ స్పెషళ్ళు ఎప్పుడో నిండిపోయాయి. ప్రైవేటు బస్సులో చివరి వరసలో సీటొకటి దొరికింది, దాని ధరకి మామూలు రోజుల్లో ఇంటిల్లిపాదీ వెళ్ళి రావచ్చు. అమ్మాయి అరిసెల సంచీ ఒళ్ళో పెట్టుకుని ఎగిరెగిరి పడుతూ వెళ్ళింది.

బస్సు కదలగానే విచారణ మొదలైంది.

"అసలు మీరు డెఫినెట్‌గా అని ఎందుకనలేదు?" అంది మా ఆవిడ.

"అదేమిటి? మానేశాను కదా!"

"ఆ మాటన్నారంటే నేను మొన్నే బస్సు బుక్ చేసేదాన్ని కదండీ! ఉత్తినే 'అవుతుంది' అంటే మీకేదో తెలిసే చెబుతున్నారనుకున్నాను. ఇన్నేళ్ళు మీతో కాపురం చేసి ఏదో ఆనవాలు పట్టుకున్నాను. అదీ తీసేస్తే ఎలాగ?"

నాకప్పుడర్థమైంది. నేను మాటలు మానేశానే గానీ, తెలియకుండా చెప్పడం మానలేదు. ఇన్నాళ్ళూ నా అజ్ఞానం గజ్జెలు కట్టుకుని వచ్చేది, ఇంట్లోవాళ్ళు చప్పుడు విని పక్కకు తప్పుకునేవాళ్ళు. గజ్జెలు విప్పేసి వదిలేసరికి అందరికీ కాళ్ళకడ్డం పడింది. మా అమ్మ తీర్పు చెప్పింది: "వాడికి తెలియనప్పుడు ఇంగ్లిషొస్తుంది. రానివ్వండే. దాన్నెందుకు ఆపుతారు?" ఆ రాత్రికి నా మాటలు నాకు తిరిగి దఖలుపడ్డాయి. షరతు ఒక్కటే: తెలియని చోట వాటిని తప్పనిసరిగా వాడాలి.

మాఘమాసం వచ్చింది, పెళ్ళి సంబంధాల ఫోన్లూ వచ్చాయి. తణుకు నుంచి ఒకాయన చేశారు. అబ్బాయి డల్లాస్‌లో. గొంతు నిండుగా, గంట కొట్టినట్టుంది.

"మావాడికి గ్రీన్‌కార్డు అబ్వియస్లీ వచ్చేస్తుందండీ. యాక్చువల్‌గా ప్రాసెస్ అయిపోయినట్టే. ఆ తర్వాత రెండేళ్ళలో డెఫినెట్‌గా ఇండియా వచ్చేస్తాడు."

పాము కాళ్ళు పాముకే ఎరుక. ఉద్యోగాల కోటాలో ఏ ఒక్క దేశానికీ ఏడు శాతానికి మించి గ్రీన్‌కార్డులివ్వకూడదని అక్కడి చట్టం. మనవాళ్ళ వరస ఎంత పొడుగో తెలుగునాట ప్రతి వీధికీ తెలుసు. పైగా వచ్చేసేవాడికి గ్రీన్‌కార్డు దేనికి? మనసులోనే ఫ్రిజ్ తలుపు మీద పట్టిక చూసుకున్నాను. అబ్వియస్లీ 15, డెఫినెట్‌గా 40. అబ్బాయి ఇంకా కాగితాలు కూడా పెట్టలేదని తేల్చుకున్నాను.

"మరి మీ అమ్మాయికి అమెరికా వెళ్ళడం ఇష్టమేనా అండీ?" అని అడిగారాయన.

"ఆఫ్‌కోర్స్ అండీ!" అన్నాను.

అవతలాయన కొంచెం దగ్గారు. "మాస్టారూ, మీరేం సబ్జెక్టు చెప్పేవారు?"

"మ్యాథ్స్. తమరు?"

"ఫిజిక్స్."

ఇద్దరం ఒకేసారి నవ్వాం. ఆ తర్వాత తెలుగులో మాట్లాడుకున్నాం. అబ్బాయి కాగితాలు పెట్టడానికి కంపెనీ ఇంకా ఒప్పుకోలేదట. మా అమ్మాయిని నేనింకా అడగలేదన్నాను. పిల్లలిద్దర్నీ వాళ్ళలో వాళ్ళని మాట్లాడుకోమందాం అని ఖాయం చేసుకున్నాం.

మా ఆవిడ అప్పటికే అమ్మాయికి ఫోను కలిపి స్పీకర్లో పెట్టింది.

"నాన్న ఆఫ్‌కోర్స్ అన్నారా?" అంది అమ్మాయి. "అయితే నన్నింకా అడగలేదన్నమాట. ఫోటో పంపించండి. ఏమో... చూద్దాం."

ఆ "ఏమో" అచ్చం నాయనమ్మ గొంతే. మా అమ్మ లేచి వెళ్ళి పంచాంగం తెచ్చింది.